పదకొండో వరుస

వార్డో రేడియో గదిలో రాత్రి రెండు.
కిటికీ అవతల మంచు అడ్డంగా కురుస్తోంది.
టూర్‌బ్యోర్గ్ కాఫీ ఎప్పుడో చల్లారింది,
దాని మీద ఆమెకు ఆశ కూడా లేదు.

తెర మీద నిన్న పొద్దుటి నుంచి లాగ్.
నాలుగు లక్షల ఇరవై వేల వరుసలు.
బారెంట్స్ సముద్రంలో తిరిగే ప్రతి పడవా
నిమిషానికోసారి “ఇక్కడున్నా” అన్న మాట.
అన్నీ దాచడం తేలికే. చదివేదెవరు?
అందుకే ఈ నిలువు గీత,
ఒకరి నోటికీ ఇంకొకరి చెవికీ మధ్య గొట్టం.

కొత్తగా చేరిన మాగ్నార్ మొన్న అడిగాడు:
“పదే చాలంటే, మిగతావన్నీ ఎక్కడికి పోతాయి?”
“ఎక్కడికీ పోవు.
హెడ్ పది లెక్కపెట్టి తలుపేసుకుంటుంది.
ఎగువవాడు పదకొండోది మోసుకొచ్చి
మూసిన తలుపు ముందే ప్రాణం వదులుతాడు.
దాన్నెవరూ తప్పుగా రాసుకోరు.”
అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఇవాళ హావెల్లా పలకడం లేదు.
ముగ్గురు మనుషులు, కాడ్ వలలు, ఒక ముసలి ఇంజను.

అలవాటుగా వేళ్లు హెడ్ అని కొట్టాయి.
పది వరుసలు టక్కున రాలాయి:
రేవు దాటింది. వేగం ఏడు నాట్లు.
ఏడు. ఏడు. ఏడు.
అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూడొచ్చు.
పడవ ఏమైందో మొదటి మెతుక్కి తెలీదు.

చెరిపి, టెయిల్ అని కొట్టింది.
గొట్టం చివర కూర్చున్న టెయిల్‌కి దగ్గరి దారి లేదు.
ఏది ఆఖరిదో తెలియాలంటే ఆఖరిదాకా వినాల్సిందే,
గుప్పెట్లో పదే పట్టుకుని,
కొత్తది రాగానే పాతది జారవిడుస్తూ,
ప్రతిసారీ
ఇవేనేమో అనుకుంటూ.
మాగ్నార్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

వచ్చాయి.
నాలుగు. రెండు. అర. అర. అర.
“అర నాటు ఇంజనుది కాదు,” అందామె, “నీళ్లది.
కొట్టుకుపోతున్నారు. మునగలేదు.”
పదో వరుస నడుమ తెగింది.
అక్షాంశం ఉంది, రేఖాంశం లేదు.

లేని సగాన్ని మ్యాపు మీద రూళ్లకర్రతో గీసి
హెలికాప్టరు వాళ్లకి ఫోను చేసింది.
రూళ్లకర్ర ఇంకా చేతిలోనే ఉంది.

“ఇంకో ఇరవై అడుగుదామా?”
“ఉన్నవి చాలు. ఇప్పుడు రావాల్సినవి కావాలి.
టెయిల్‌కి ఫాలో పెట్టు. ఆగమనకు.”

ఫైలు అయిపోయినా కమాండు అయిపోలేదు.
ఖాళీ వరుస మీద కర్సరు
వెలుగుతోంది, ఆరుతోంది.
తలుపు తెరిచే ఉంది.