చేబదులు

డులూత్‌లో మంచు మోకాలి దాకా.
స్లెడ్ మీద పిల్ల కాదు, ముప్పై నాలుగు పుస్తకాలు.
తాడు నా చేతిలో.
వెనక నుంచి తోస్తూ మేదిని.

మా బడి వంటింటి బల్లే.
కొనాలంటే ఒక్క లెక్కల పుస్తకం ఖరీదు
వారం కూరగాయలు.
అందుకే చేబదులు.
ఎంగిలి చెయ్యి తగలనివ్వను,
అంచున గీత పడనివ్వను.
"మనదైతే గీసుకోవచ్చా?" అంటుంది.

తిమింగలాల పుస్తకం ఆరుసార్లు తెచ్చాం.
నలభై ఒకటో పేజీలో ఎవరి చేతిదో జామ్ మరక,
దాన్ని దీవి అంటుంది మేదిని.
ఏడోసారి వెళ్తే
అది అమ్మకాల బండి మీద ఉంది,
"రద్దు" అని ఎర్ర ముద్రతో.
ఒక డాలరు.

కొన్నాను. పెన్సిల్ చెక్కి మరీ ఇచ్చాను.
గియ్యలేదు.
రెండు రాత్రులు దిండు కింద పెట్టుకుని
మూడోనాడు అడిగింది:
"ఇక దీనికోసం ఎవరూ ఎదురుచూడరా అమ్మా?"

ఈ సోమవారం స్లెడ్ కాస్త బరువు.
లైబ్రరీ గోడకున్న పెట్టె నోట్లోకి
ఒక్కొక్కటే జారవిడుస్తోంది.
చలికి తోచక లెక్కపెడుతున్నాను.
తీసుకెళ్లినవి ముప్పై నాలుగు.
వినపడిన చప్పుళ్లు ముప్పై అయిదు.

నా వంక చూడకుండా
చేతి తొడుగులు తొడుక్కుంటోంది,
ఎడమది కుడికి.