తారు రంగు మారే చోటు

టానర్ వీధిలో ఒకచోట
తారు రంగు మారుతుంది.
ఇటు బొగ్గు నలుపు, అటు ఏనుగు తోలు.
ఆ గీత పక్కనే నా మడత కుర్చీ.

ఒహాయోలో చలి ముందు మోకాళ్లకే తెలుస్తుంది.
ఒళ్లో ఫ్లాస్కు, చేతిలో క్లిక్కరు,
ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిదింపావు దాకా
వచ్చేపోయే కార్లు లెక్కపెట్టడం నా పని.
సోమ, బుధ వారాలు హాలోవెల్ నగరం జీతమిస్తుంది,
మంగళ, గురువారాలు ప్రాస్పర్.
అవే కార్లు. అదే బొటనవేలు.

హాలోవెల్ అంటుంది:
ఇది మా పిల్లలు సైకిల్ నేర్చుకునే వీధి,
హైవేకి మీరు కనిపెట్టిన అడ్డదారి కాదు.
ప్రాస్పర్ అంటుంది:
మీ ఆసుపత్రిలో పక్కలు మార్చేదీ
మీ హోటళ్లలో పెనాలు తోమేదీ మావాళ్లే,
గాల్లో ఎగిరి రమ్మంటారా?
ఇద్దరూ చూపించేది నా కాగితమే.
వెయ్యీ నూట నలభై రెండు.
ఒకరికి వరద,
ఒకరికి చినుకు.

మొదట వీళ్లు మూడు స్పీడ్ బ్రేకర్లు వేశారు.
వాళ్లు సిగ్నల్లో ఎర్రదీపాన్ని సాగదీశారు,
ఇటునుంచి వెళ్లేవాళ్లకి మాత్రమే.
అత్త మీద కోపం దుత్త మీద.
వీళ్లు సిమెంటు తొట్లు తెచ్చి చేమంతులు నాటారు.
ఒక రాత్రి ఎవరో వాటిని రెండడుగులు జరిపారు,
కారు పట్టేంత.
తెల్లారి పోలీసు వచ్చి టేపు పెట్టి కొలిచాడు
పువ్వులు ఏమీ చెప్పలేదు.

"మా భాషలో దీన్ని గట్టు తగాదా అంటారు"
అని మూలింటి ఎల్వుడ్‌తో అన్నాను.
గట్టంటే ఏమిటన్నాడు.
రెండు పొలాల మధ్య
ఎవరూ దున్నని మూరెడు మట్టి,
దానికోసం దున్నడం మానేసి కోర్టుకెళ్తారు, అన్నాను.
నవ్వలేదు.
ముప్పై ఒక్క ఏళ్లు ఈ వీధిలో బస్సు నడిపాడు.
స్టాపు షెడ్డుకి రంగు ఎవరు వేయించాలన్న పేచీలో
ఆ బస్సే పోయింది.
"చక్రాలకి ఆ గీత ఎప్పుడూ తగల్లేదు" అన్నాడు,
చాలాసేపటికి.

జనవరిలో మంచు పడ్డ రోజు
హాలోవెల్ బండి గీత దాకా వచ్చి
పార పైకెత్తి
పెళ్లిలో అలిగిన చుట్టంలా వెనక్కి తిరిగింది.
కాసేపటికి అటునుంచి ప్రాస్పర్ బండి,
అదే అలక.
మధ్యలో నడుమెత్తు తెల్లగోడ.
తీర్మానం లేకుండా, ఓటింగు లేకుండా
రెండు నగరాలూ కలిసి కట్టిన
మొదటి కట్టడం.

ఆ రోజు క్లిక్కరులో సున్నా.
ఎనిమిదింటికి ఒడెట్ వచ్చింది,
ఆసుపత్రిలో ముసలివాళ్లకి స్నానాలు చేయించే పిల్ల,
రోజూ ఆకుపచ్చ కారులో నాకు నాలుగువందల చిల్లరలో ఒకతె.
కారు అటే వదిలేసింది.
బూట్లు చేత్తో పట్టుకుని, మేజోళ్లతో,
బూతులు తిట్టుకుంటూ గోడ ఎక్కింది.
ఎల్వుడ్ ఇటునుంచి పార అందించాడు, పట్టుకోమని.
ఆమె దాన్ని కర్రనుకుంది,
దిగేసరికి ఇద్దరూ పడ్డారు.

నా ఫారంలో కారు ఉంది, లారీ ఉంది, సైకిలు ఉంది.
ఆమెని ఏ గడిలో వెయ్యాలి?
అంచున పెన్సిల్‌తో రాశాను: ఒక మనిషి.
రెండు ఆఫీసులూ ఆ కాగితం తిప్పి పంపాయి.
ఆ రోజు కూలీ మాత్రం
నువ్వివ్వాలంటే నువ్వివ్వాలని
ఇంకా రాసుకుంటూనే ఉన్నాయి.

తొమ్మిదింపావుకి కుర్చీ మడుస్తాను.
నా కారు కూడా ఆ గీత దాటాలి.
అక్కడ రంగు మారినచోట
చిన్న కుదుపు ఉంటుంది, తెలిసినవాళ్లకే తెలుస్తుంది.
క్లిక్కరు పక్కసీట్లో ఉంటుంది.
నొక్కను.

ఏ వైపు ఇల్లని అడక్కండి,
రెండు వైపులా జీతం తినేదాన్ని.