అరచెయ్యంత చోకు

పొద్దుగాల ఆరింటికి సాగర్ మీద లేసేది మంచు కాదు,
వాసన.
దానికి మేం అలవాటుపడ్డం, ఇంజనే పడలే.
ఇరవై ఐదు గుర్రాల పాత టూ స్ట్రోకు,
తాడు గుంజితే దగ్గుతది,
ఇంకోపారి గుంజితే తుమ్ముతది,
మూడోపారికి
నల్లపొగ ఒక్కటి ఇడిసి ఊకుంటది.

"ప్లగ్గు తడిసింది" అన్న నేను.
"ప్లగ్గు కాదు, గొంతు" అన్నడు గఫార్ చాచా.
రాణిగంజ్ నుంచి లూనా మీద వచ్చిండు,
పడవల కాలు పెట్టడు, నీళ్లంటే ఆయనకు భయం.
కార్బొరేటర్ గట్టుమీదికే తెప్పిచ్చుకొని
పాత పేపరు పరిసి విప్పిండు.
లోపల రూపాయి బిళ్లంత ఇత్తడి రేకు,
సగం మూసుకొని, ఇటు రాదు అటు పోదు,
నిద్రల పోయినోని రెప్ప లెక్క.
కేబులు ఎప్పుడో తెగింది.
రేకును పట్టుకున్న రెండు స్క్రూలల్ల ఒకటి
పాలపన్ను లెక్క ఊగుతున్నది.
"ఇది ఊడి లోపల పడ్డదనుకో,
పిస్టన్ నమిలి నమిలి ఖతం జేస్తది."

మళ్ల అన్నడు, స్క్రూను పెట్రోల్ల ముంచుకుంట:
"చోకంటే గొంతు నొక్కుడే, బేటా.
సలికి లేవనోన్ని జెర నొక్కాలె, లేసినంక ఇడవాలె.
ఇడవకపోతే అది చోకు కాదు, ఖూనీ."

రేకు తీసిండు. రేకు తిరిగే పుల్ల తీసిండు.
పుల్ల పోయిన తొర్రలు రెండు ఎంసీల్ ముద్దతోని మూసిండు,
చెవులల్ల దూది పెట్టినట్టు.
"కొత్త కిట్టు దొరికితే తెస్త. గిప్పటికైతే
గీ మూతికి అరచెయ్యే చోకు."

అరచెయ్యి నాదైతే తాడెవరు గుంజాలె?
దానికి రెండు చేతులు గావాలె, మొండి ఇంజన్ అది.
పడవ ముంగట జాలిగంపతోని
గుర్రపుడెక్క తీసే నర్సవ్వ
చెంగుకు చెయ్యి తుడుసుకుంట వచ్చి
కార్బొరేటర్ నోటిమీద పెట్టింది,
జ్వరం సూసినట్టు.
నేను గుంజిన.
"అయ్యో, చీకుతున్నదే!" అన్నది.
"దూడ లెక్క చీకుతున్నదే చెయ్యిని!"
నవ్వింది.
ఆరేండ్ల నుంచి ఒక్క పడవల ఉన్నం,
ఆమె పండ్లు నేను గప్పుడే సూసిన.
చెయ్యి తీసింది. ఇంజన్ లేసింది.

గట్లనే నడుస్తున్నది పదకొండు నెలలు.
పొద్దుగాల ఒక్కపారే కావాలె ఆ చెయ్యి,
వేడెక్కినంక దానికి ఎవ్వలూ అక్కరలేదు.
పెట్రోలుకు ఆమె అరచెయ్యి తెల్లగ పొట్టు లేస్తున్నది,
టూలుబాక్సుల కొబ్బరినూనె సీసా పెట్టిన.

మొన్న సూపర్‌వైజర్ ధర్మతేజ
తడి అంటని బూట్లతోని గట్టుమీద నిలబడి
"ఒకటో తారీకు నుంచి పడవకు ఒక్కరే" అన్నడు.
నేనేం మాట్లాడలే.
ఇంజన్ మూత తీసి
"సార్, మీరే గుంజుండ్రి" అన్న.
గుంజిండు. గుంజిండు. అంగీ సంకలు తడిసినయ్.
నర్సవ్వ గంప కింద పెట్టి, వచ్చి,
మూతిమీద చెయ్యి పెట్టింది.
గప్పుడు లేసింది.
సారు కాగితం మీద ఏందో కొట్టేసిండు.
ఆమె పేరో, ఆ మాటో, నాకు తెల్వది.
ఒకటో తారీకు పోయింది. పదో తారీకు పోయింది.

ఒక్క ముచ్చట మీకే చెప్తున్న.
కొత్త కిట్టు వచ్చింది.
చాచా రంజాన్ ముంగటనే తెచ్చిచ్చిండు,
నాలుగొందల ఎనభై తీసుకున్నడు.
ప్యాకెట్ టేపు సుత ఊడలే,
కొబ్బరినూనె సీసా కిందున్నది.
"బిగించినవా?" అని అడుగుతడు.
"టైం దొర్కలే, చాచా."
ఆయన నా మొఖం సూస్తడు,
పడవ ముంగటి దిక్కు సూస్తడు,
చాయ్ ఊదుకుంటడు.

సలి పెరిగింది.
రేపు రెండుమూడుసార్లు గుంజాలెనేమో.