బిగువు

గిరింపేట సందులో ఢిల్లీబాబు అంగడి.
ముందర క్రికెట్ బ్యాట్లు, క్యారం బోర్డులు.
లోపల, కర్టెన్ వెనక, తీగలు కట్టే మిషను
కాలు విరిగిన దూడను అదిమి పట్టినట్టు
ఒక రాకెట్టును ఆరుచోట్ల పట్టుకొని ఉంది.

"యాడ నొప్పి మేడమ్?"
మోచేతి బయటి ఎముక మీద వేలు పెట్టా.
"కాఫీ లోటా ఎత్తితే?"
ఎత్తలేను.
"తలుపు గడి తిప్పితే?"
ఇక్కడ ఆయన డాక్టరు, నేను గొడ్డు.
కాకపోతే నోరున్న గొడ్డు.

ఈ చెయ్యి సంగతి ఆయనకేం తెలుసు.
ఇరవై రెండేళ్లుగా భుజం దాకా తొడుగేసుకొని
ఆవుల చీకట్లో వెతుకుతున్న చెయ్యి.
మొన్న పెనుమూరు దగ్గర, రాత్రి రెండింటికి,
వల్లెమ్మ జెర్సీ ఆవుకు దూడ అడ్డం తిరిగితే
గంటసేపు లోపలే ఉండి ముందుకాళ్లు దొరకబుచ్చుకుంది.
నొప్పులు వచ్చినప్పుడల్లా ఎముకల మధ్య నలిగి
వేళ్లు వేరెవరివో అయిపోయేవి.
ఆ నొప్పి తెల్లారేసరికి పోయింది.
పోనిది ఆఫీసర్స్ క్లబ్బు సిమెంటు కోర్టులో
బంతి కొడితే వచ్చింది.
చెప్పుకోడానికే సిగ్గు.

నా పాత రాకెట్టును గోటితో మీటాడు.
"యాభై ఎనిమిదా? ఎవురు కట్టిండేది?
ఇది తీగ కాదు మేడమ్, కంచె."
నేనే అడిగి కట్టించుకున్నా,
ట్రెజరీ పార్థసారథి సర్వీసుకు ఎదురు నిలవాలని.
బిగిస్తే బలమనుకున్నా.
"నవారు మంచం చూడండి. కొత్తగా బిగిస్తే
పిలకాయల్ని ఎగరనిస్తాదా?
రవ్వంత వదులైతేనే పైకి ఇసిరేస్తాది."

బల్ల మీద మూడు రాకెట్లు.
ఒకటి ఈకంత తేలిక. చెయ్యి దానిమీదికే పోయింది.
"మురిసిపోవద్దండి. అది తేలికైతే
బంతి బరువు మీరు మొయ్యల్ల."
రెండోది వంగదు.
"వంగనిది దెబ్బను ఉంచుకోదు, మీకే ఇచ్చేస్తాది."
మూడోది పెద్దతల, మూడువందల గ్రాములు,
బరువంతా పిడివైపు.
పట్టుకుంటే వేళ్లకీ అరచేతికీ మధ్య
ఎడమచేతి వేలొకటి సరిగ్గా దూరింది.
"ఇంతకన్నా సన్నమైతే
జారిపోతాదని నరాలు బిగబడతారు" అన్నాడు.
దూడకాళ్లకు తాడు కట్టేప్పుడు
నేనూ అదేగా చేసేది.

తీగల దగ్గరికి వచ్చాం.
పాలియెస్టర్ మాట ఎత్తొద్దన్నాడు.
పేనిన నైలాన్ ఉంది, ఎనిమిదొందలు.
ఇంకొకటుంది — డ్రాయర్ తీసి, గొంతు తగ్గించి —
"చేతికి దీన్ని మించింది లేదు.
నాలుగువేల ఐదొందలు. ఆవు పేగు."

జానెడు తునక నా అరచేతిలో పెట్టాడు.
లేత తేనె రంగు.
ఆవు పేగు నాకు కొత్తా?
వెచ్చగా, తడిగా, అలలుగా కదిలేప్పుడు తెలుసు.
మెలిపడి నల్లబడినప్పుడు తెలుసు.
పోస్ట్‌మార్టం కాగితంలో
దాన్ని ఒకటిన్నర లైన్లో ముగించడం బాగా తెలుసు.
ఇంత సన్నగా ఎండిపోయాక కూడా
దెబ్బను మింగే అలవాటు మానలేదని తెలీదు.

"ఒక రాకెట్టుకి ఎన్ని ఆవులు?"
ఢిల్లీబాబు నన్ను చూడలేదు, మిషన్ను చూశాడు.
"మూడో నాలుగో అంటారు. నేను లెక్క అడగలా."

నైలానే కట్టమన్నా. యాభైకి.
దయ అనుకోకండి.
పేగు తడిస్తే చెడిపోతుందట,
నా జీపులో ఎప్పుడూ ఏదో ఒకటి తడిసే ఉంటుంది.

తునక తిరిగివ్వడం మరిచిపోయినట్టున్నా.
సాయంత్రం క్లబ్బులో టవలు లాగితే
జేబులోంచి జారి గీత మీద పడింది.
"ఏందది?" అన్నాడు పార్థసారథి.
"పేషెంటు" అని తీసి మళ్లీ జేబులో వేసుకొని,
కానీ, సర్వీస్ చెయ్ అన్నా.