మూతి మీది మాట

దేవరకద్ర రైల్వే గేటు దాటినంక
నా దుకాణం. అద్దాలు నాలుగు, కుర్చీలు రెండు,
ఒకదానికి కాలు పొట్టి, కింద ఇటుక పెట్టిన.

నవంబర్ ఒకటో తారీకు పొద్దుగాల్నే
అద్దం మీద సున్నంతో రాసిన:
ఈ నెలంత మీసం గియ్య.
దువ్వుడు, మెలేసుడు, నూనె రాసుడు పైసల్లేకుంట.
ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలె.

బుధారం అంగడికి ఎడ్లు తోలుకొచ్చినోళ్లు
సదివి పడీపడీ నవ్విండ్రు.
"ఏందే ఆశన్నా, మింగ మెతుకు లేదు గాని
మీసాలకు సంపెంగ నూనెనా?"
సంపెంగ గాదురా, కొబ్బరిదే, కూసో.
రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నవ్?

కుర్మయ్య ఏడుసార్లు లేసెటోడు.
బోరు బండి మీద ఇరవయ్యేండ్లు.
ఆరు వందల ఫీట్ల లోతుల నీళ్లెక్కడున్నయో
పైకొచ్చిన దుమ్ము వాసన చూసి చెప్పెటోడు.
తన పొత్తికడుపుల ఆగిపోయిన నీళ్ల సంగతి
పెండ్లానికి గూడ చెప్పలే.

ఏం మీసమది! తేలు కొండి లెక్క రెండు కొసలు.
కుర్మూర్తి జాతరల పోరగాండ్లు
పక్కన నిలబడి ఫోటోలు దిగెటోళ్లు.
పదకొండేండ్లు నా చేతుల్ల పెరిగింది.

పోయినేడు ఎండకాలం, మందు ఎక్కిచ్చినంక
ఒక దిక్కు కొస ఊడిపోయి వచ్చి కూసున్నడు.
"గీసెయ్," అన్నడు.
గీసిన. పటిక రాసిన.
పై పెదవి పసిపిల్లగానిది లెక్క,
పదకొండేండ్లు ఎండ తగలని తావు.
అద్దంల దాన్నే చూస్కుంట అడిగిండు:
"మూతి మీద అంత మీసం పెట్టుకొని
ఉచ్చ వస్తలేదని ఎవలికి చెప్పాలె, ఆశన్నా?"
నేనేం చెప్పలే.
దులిపిన గుడ్డనే మళ్ల దులిపిన.

మా తాత గడీల దొర మీసం దిద్దినోడు.
దొర మీసానికి మైనం, తాత మీసానికి కత్తి.
నాయనా అదే నున్నటి మూతితో పోయిండు.
అలవాటో, భయమో, యాభై రెండొచ్చినా
నేనూ ఏ పొద్దూ పెంచలే.

ఈ నెల పెంచిన.
మొదటి వారం ఒకటే దురద.
రెండో వారం, "ఇంట్ల ఎవరో
పరాయాయన తిరుగుతున్నట్టుంది," అన్నది మా ఆమె.
మూడో వారానికి కొసలు తిరిగినయి,
ఒకటి పైకి, ఒకటి అలిగి కిందికి.

జవాబులు తొందరగ రాలే.
హమాలి మాసన్న "ఒక్కసారి" అని వెళ్లిపోయి,
గేటు కాడి నుంచి తిరిగొచ్చి "నాలుగు" అన్నడు.
లెక్కల సారు పేపరు అడ్డం పెట్టుకొని
ఐదు వేళ్లు చూపిండు.
ఉశేనప్ప మాత్రం, "లేసుడేంది,
పత్తి మునిగినకాడికెంచి నిద్రే లేదు," అని
కండ్లు మూసుకున్నడు.
ఆయన మీసం శానసేపు దువ్విన.
దువ్వేటందుకు అంత లేకుండె.

ఆఖరి సోమారం రెండు ఆటోలల్ల
పాలమూరు పెద్దాస్పత్రికి పోయినం.
పదకొండు మీసాలు బల్ల మీద వరుసగ,
చూపులన్ని చెప్పుల మీద.
నర్సమ్మ తలుపు తీసి పిలిచింది:
"ఆ మీసాలాయన లోపలికి రావాలె."
అందరం లేసినం.
ముందు నవ్వింది ఎవరో యాదికి లేదు గాని
ఆ నవ్వులనే మాసన్న
తనకు రక్తం పడుతున్న ముచ్చట చెప్పేసిండు.

నా కాయితం గురువారం ఇస్తరట.

డిసెంబర్ వచ్చింది. అద్దం మీద సున్నం తుడవలే.
కుర్మయ్య కొడుకు వచ్చి ఇటుక కుర్చీల కూసున్నడు.
పదిహేడేండ్లు. పెదవి మీద నూగు.
"మా నాయన లెక్క కొండి వస్తదా, కాకా?"
వస్తది, పెరగనియ్.
అడుగుదమా వద్దా అనుకుంటనే అడిగిన,
రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నవ్, బిడ్డా?

"అమ్మ లేసినప్పుడల్ల," అన్నడు.