నూట నలభై చుట్లు

హే పట్నం దాటాక
నేలకు ఎత్తుపల్లాలు గుర్తుండవు,
పెనం మీద అట్టులా పరుచుకుని ఉంటుంది.
అక్కడ ఊనా పెన్‌హాలో ఉన్ని కొట్టం వెనక
డెబ్బై ఎనిమిదేళ్ళుగా దిగే ఉంది
ఒక యాన్సన్ విమానం.

నేను వెళ్ళేసరికి రెక్కలు ఊడదీశారు.
చెదలు తినగా మిగిలిన చెక్కను
పాత దుప్పట్లలో చుట్టి
ట్రైలర్ మీద ఒళ్ళు పక్కనే పడుకోబెట్టారు.

నా పని దాని ముందు వెళ్ళడం.
నెత్తిన పసుపు దీపం తిరిగే చిన్న బండిలో
నాలుగు వందల కిలోమీటర్లు, బాలరట్ దాకా,
వెనక వెడల్పైనది వస్తోంది, కాస్త జరగండని
ఎదురొచ్చే వాళ్ళకు చెప్పుకుంటూ.
ఈ ఉద్యోగాన్ని ఇక్కడ పైలట్ అంటారు.
ఆ మాటకు మొదటిసారి సిగ్గేసింది.

ఎనభై ఆరేళ్ళ ఊనా
చేతికర్రతో ట్రైలర్ చుట్టూ మూడుసార్లు తిరిగింది.
ప్రదక్షిణ అనుకునేరు,
తాళ్ళ ముడులు చూస్తోంది.
"యుద్ధం అయ్యాక మా నాన్న దీన్ని
ట్యాంకులో మిగిలిన పెట్రోలు కోసం కొన్నాడు.
పెట్రోలు ట్రాక్టరు తాగింది.
చక్రాలు బండికెళ్ళాయి, అద్దాలు టమాటా నారు మీదికి.
మిగిలింది మాకిచ్చాడు."

మాకు అంటే తనకూ, తమ్ముడు క్లెమ్‌కూ.
సీటు పక్కన ఒక చేతిపిడి.
నూట నలభై సార్లు తిప్పితే గానీ
చక్రాలు పొట్టలోకి ముడుచుకోవు.
చక్రాలే లేవు. అయినా తిప్పేవాళ్ళు.
క్లెమ్ లెక్కపెట్టేవాడు,
తొంభై దగ్గర తప్పేవాడు,
మళ్ళీ ఒకటి.
"అందుకే మేం ఒక్కసారీ పూర్తిగా గాల్లోకి లేవలేదు" అంది.
క్లెమ్ ఇప్పుడెక్కడున్నాడో నేను అడగలేదు.
ఆమె పొలం చివరి వైపు చూసింది, అంతే.

ఒకటి మాత్రం అడుగుదామనుకున్నాను:
కుర్రాళ్ళకు బాంబులు వేయడం నేర్పిన దీన్ని
ఇంత ముద్దుగా ఎలా చూసుకున్నారని.
ఈలోగా ఒక కోడి ట్రైలర్ ఎక్కింది.
దాని ఇల్లది. దాని తల్లి ఇల్లు, తల్లి తల్లి ఇల్లు.
నలుగురు మనుషులు, ఒక చీపురు, బోలెడు బూతులు.
కోడి దిగాక, మ్యాపుల బల్ల కింద
ఇంకా వెచ్చగా ఉన్న గుడ్డు.
ఊనా దాన్ని నా చేతిలో పెట్టింది.
"ఇదీ విమానం సామానే. దాంతోపాటే వెళ్ళాలి."

డెనిలిక్విన్ దగ్గర బడిపిల్లలు కంచె ఎక్కి చూశారు.
ఎచూకాలో మర్రీ నది దాటుతుంటే
కిటికీలు లేని ఒంట్లోంచి గాలి దూరి
ఖాళీ సీసాలో ఊదినట్టు ఒక మోత,
నా బండి దాకా.
గులాబీ రొమ్ముల గలా చిలుకలు
కొంతదూరం పక్కనే ఎగిరి
మా వేగం నచ్చక వెళ్ళిపోయాయి.
గుడ్డు నా టిఫిన్ డబ్బాలో, చేతిరుమాలు మీద.
ప్రతి గతుకుకీ నేను ఊపిరి బిగబట్టింది
వెనకున్న మూడు టన్నుల కోసమో దీని కోసమో
ఇప్పటికీ చెప్పలేను.

బాలరట్లో వాన, వణికించే చలి.
హ్యాంగర్ తలుపు తీసినవాడు
రస్ టివెండేల్, రిటైరైన పళ్ళ డాక్టరు.
పాచి గీకే పనిముట్లతోనే తుప్పు గీకుతాడట.
నాలుగేళ్ళు పడుతుందన్నాడు,
ఒకసారి లోపల తల పెట్టి చూసి
ఆరు అన్నాడు.
"ఎగురుతుందా?"
"ఎగరదు. నోరు మాత్రం బాగుచేస్తాం."

గుడ్డును మరల డబ్బా పక్కన సాసర్లో పెట్టి
రిజిస్టరులో ఒక వరుస రాశాడు.
తర్వాత చేతిపిడి మొదట్లో నూనె పోసి
టీ తాగొచ్చి,
"నువ్వే పట్టు" అన్నాడు.

ముందు కదల్లేదు.
తర్వాత ఎక్కడో అడుగున
ఎముక విరిచినంత చప్పుడు.

రాత్రి మోటెల్ నుంచి ఊనాకు ఫోన్ చేశాను,
ఒక చుట్టు తిరిగిందని.
చాలాసేపు మాట్లాడలేదు.
వెనక కోళ్ళు ఎక్కడ పడుకోవాలో తెలియక
గోల చేస్తున్నాయి.
"లెక్క తప్పకు" అంది.