రేపటికి ఎంత పిండి

రాత్రి తొమ్మిదిలోపు చెప్పాలి నాకు.
సముద్రానికైతే రొట్టె కావాలి, లోపల ఉప్పుచేప, కాస్త వెన్న,
రెండు ఉడికిన గుడ్లు, అన్నీ కలిపి గుడ్డలో మూట.
ద్రాక్షకొండలకైతే ఏమీ అక్కర్లేదు,
అక్కడివాళ్ళే కూర్చోబెట్టి తినిపిస్తారు,
తాగిన ప్రతి గ్లాసుకీ ఒక చీజ్ ముక్క.
నేనడిగేది ఒక్కటే: రేపటికి ఎంత పిండి తడపను?

పై అంతస్తులో ఏడో గదివాళ్ళు మాత్రం
సూప్ చల్లారిపోతున్నా తేల్చరు.
కూనియో నుంచి వచ్చారు, తర్చీజియో, ఓర్నెల్లా.
లూక్కాలో వాళ్ళకిక మిగిలింది ఒక్క రోజు.
బల్ల మీద మ్యాప్ పరిచి
ఈ మూల ఉప్పుడబ్బీ, ఆ మూల మిరియాలడబ్బీ బరువు పెట్టి
గట్టు తగాదాకి వచ్చినవాళ్ళలా కూర్చున్నారు.
"నీలం" అంటుంది ఆవిడ. ఇంకేం చెప్పదు.
"నీళ్ళు చూడ్డానికి టికెట్టా?" అంటాడాయన.
డాక్టరు రోజుకి ఒక్క గ్లాసే అన్నాడట,
ఆ ఒక్కటీ అది పుట్టిన చోటే తాగాలట.

చివరికి నామీద పడ్డారు. "అసుంతా, నువ్వైతే?"

నేనైతే.
పదహారేళ్ళప్పుడు వియారెజ్జోలో మా పిన్ని దగ్గర
పీపాల్లో ఆంచోవీలు పేర్చాను.
ఒక వరస చేప, ఒక వరస ఉప్పు,
తల గిల్లి, పేగు లాగి, మళ్ళీ ఒక వరస.
సముద్రమంటే నాకు వేళ్ళ సందుల్లో పగుళ్ళు,
పగుళ్ళలో ఉప్పు.
పద్దెనిమిదికి మోంతెకార్లో కొండల మీద కోతకెళ్ళాను.
కత్తెర జారి బొటనవేలు తెగితే
ద్రాక్షరసమే అనుకున్నాడు మేస్త్రీ.
గోళ్ళకింది నలుపు క్రిస్మస్ దాకా వదల్లేదు,
ఉంగరం కొలతకి చెయ్యి చాపాలంటే సిగ్గేసింది.
ఇవి సూప్ దగ్గర చెప్పుకునే మాటలా?
"రెండూ బాగుంటాయి" అని
గిన్నెలు తీసుకుని లోపలికొచ్చేశాను.

పదింటికి ఆయన వంటింట్లోకి వచ్చాడు,
చెప్పులు చేత్తో పట్టుకుని.
"సముద్రానికే కట్టు. ఆవిడతో అనకు,
పొద్దున నేనే ఓడిపోయినట్టు నటిస్తా."
సరేనని పిండి తడిపాను.
పదకొండింటికి ఆవిడ, తలకి గుడ్డ చుట్టుకుని.
"రేపు మాకేం కట్టొద్దు, కొండలకే పోతున్నాం.
ఆయనకింకా తెలీదు. తాగనీ, ఆ ఒక్క గ్లాసూ."
బల్ల మీద పిండి అప్పటికే పొంగుతోంది.
దాని మీద తడిగుడ్డ కప్పాను,
చాడీలు చెప్పబోయే పిల్లాడి నోరు మూసినట్టు.

నవ్వొచ్చింది.
తర్వాత మా ఎత్తోరే గుర్తొచ్చాడు,
ముప్పై ఏళ్ళలో పేకాటలోనైనా
నాకోసం ఒక్కసారి ఓడిపోని మనిషి.
నవ్వు ఆగింది. పొయ్యి సర్దాను.

పొద్దున మూట తెచ్చి చేతిలో పెడితే
ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు,
ఆ తర్వాత నన్ను.
"రొట్టె ఏ రైలైనా ఎక్కుతుంది" అన్నాను.
స్టేషన్లో ఒక బండి పడమటికి, ఒక బండి తూర్పుకి.
కోటగోడ ఎక్కి చూస్తే కనిపించేవాళ్ళేమో,
నాకు ఏడు గదుల దుప్పట్లున్నాయి.

రాత్రి గుడ్డ తిరిగొచ్చింది,
ఉతికి, పిండి, ఆరేసి, నాలుగు మడతలు పెట్టి.
వాసన చూశాను: గదిలో సబ్బు, అంతే.
ఇసుక రేణువు లేదు, ఎర్రమరక లేదు.
వాళ్ళు చెప్పలేదు, నేనడగలేదు.
ఆయన ముక్కు మాత్రం కందిపోయింది,
ఎండ రెండుచోట్లా కాస్తుంది కదా.
భోజనంలో వైన్ వద్దన్నాడు.
అలసటో, ఆ ఒక్క గ్లాసూ అయిపోయిందో.
ఆవిడ ముందు నీళ్ళ జగ్గు పెట్టాను.
వంచుకోకుండా
చాలాసేపు దానివైపే చూసింది.